ముఖము చూడని ప్రేమ

వాక్యధ్యానము: 2 యోహాను 12, ఆదికాండము 24, రూతు 2 నుండి 4 అధ్యాయములు



యోహాను వ్రాసిన రెండవ పత్రిక చాల చిన్నది. ఒక్క పుటలో ముగియును. వృద్ధుడైన ఆ అపొస్తలుడు దాని చివరకు వచ్చి, చెప్పవలసినవి ఇంకను అనేకములున్నవనియు, వాటిని సిరాతో కాగితముమీద పెట్టుటకు తనకు మనస్సు లేదనియు, తానే వచ్చి ఎదురెదురుగా కూర్చుండి మాటలాడినప్పుడే సంతోషము నిండుననియు తెలిపి కలము దించెను. మూడవ పత్రికయు ఇంచుమించు అట్లే ముగియుచున్నది. ఇందులో ఉత్తరమును హీనపరచుట లేదు. ఉత్తరములే లేకున్నయెడల మన క్రొత్త నిబంధనలో సగమునకు పైగా పుస్తకములు మనకు ఉండెడివి కావు. అయితే ఉత్తరము ఎంత బరువు మోయగలదో, ఎక్కడ దాని బలము చాలదో ఆయన ఎరిగియుండెను.

ఈ నెల ఈ వాక్యమును ఎత్తుకొనుటకు కారణమున్నది. మన పల్లెలలో పెండ్లి మాటలు ఇప్పుడు రెండు త్రోవలలో నడచుచున్నవి. ఒకటి మనమెరిగిన పాత త్రోవ: మేనమామ, పేరయ్య, సంఘపెద్ద, పాస్టరమ్మగారు. రెండవది చేతిలోని సెల్‌ఫోను. సబ్బవరము, పరవాడ, అనకాపల్లి ప్రక్క గ్రామములనుండి మన పిల్లలు గాజువాకకు పనికి వచ్చుచున్నారు. కొందరు ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి, కొందరు ఆటోనగరు షెడ్లకు, ఆడపిల్లలు అనేకులు అచ్యుతాపురము బట్టల ఫ్యాక్టరీకి. షిఫ్టు దిగి గదికి చేరిన పిల్లకు పలుకరించు మనిషి లేడు. ఫోను పలుకరించును. ఇన్‌స్టాగ్రాములో ఒక పరిచయము, తరువాత వాట్సాపులో మాటలు, అర్ధరాత్రి వీడియో కాలు. పెద్దలకు తెలియువేళకు ఆరు నెలలు గడచియుండును.

అప్పుడు ఇంటిలో జరుగునది మనకు తెలియనిది కాదు. ఫోను లాగుకొందురు. కొట్టుదురు. రెండు వారములలో ఎవరినో తెచ్చి ముడిపెట్టజూతురు. ఆపై ఆదివారము పాస్టరుగారు సెల్‌ఫోను సాతాను పెట్టె అని ప్రసంగపీఠమునుండి కేకవేయుదురు. (ఆ ప్రసంగపీఠము ప్రక్క గోడకే కానుకలకొరకు క్యూఆర్ కోడు కాగితము అంటించియుండును.) ఈ రెండు పద్ధతులవలన మన పిల్లలకు మేలు జరుగుట మాకు కనబడలేదు. కాబట్టి వాక్యము వెలుగులో ఈ సంగతిని నిదానముగా చూతము.

మొదట ఒక మాట ఒప్పుకొనవలెను. దూరమునుండి మొదలైనంతమాత్రమున ప్రేమ అబద్ధము కాదు. ఇది ఒక్క మన దేశపు సంగతియు కాదు. అమెరికా దేశములో 2017లో జతపడిన స్త్రీపురుష జంటలలో నూటికి 39 జంటలు ఇంటర్నెట్టులోనే మొదట పరిచయమైనవని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు పండితులు 2019లో ప్రకటించిరి. మన దేశములో వివాహ సంబంధముల వెబ్‌సైటులు 1990ల చివరనుండియే ఉన్నవి. క్రైస్తవ తండ్రులు కూడ తమ కుమార్తెల ఫోటోలను వాటిలో పెట్టుచున్నారు. తండ్రి వెదకినయెడల తెలివి, కూతురు వెదకినయెడల పాపము అని చెప్పుటకు మనకు వాక్యములో ఆధారమేది?

ఇస్సాకు రిబ్కాను చూడకయే ఆమె అతనికి భార్యగా ఏర్పడెను. రిబ్కాయు అతని ముఖమెరుగదు. వందల మైళ్ల దూరమునుండి పది ఒంటెలతో వచ్చిన ఒక దాసుని మాట నమ్మి ఆమె బయలుదేరెను. అయితే ఆ అధ్యాయమును మరల చదువుడి. ఆ దాసుడు నీళ్ల బావియొద్దనే ఆమెతో సంగతి తేల్చుకొనలేదు. నీవెవరి కుమార్తెవని అడిగెను. ఆమె ఇంటికి వెళ్లెను. భోజనము ఎదుట పెట్టినను, తాను వచ్చిన పని చెప్పువరకు ముద్ద ముట్టలేదు. తన యజమానుడెవరో, అతనికేమి కలదో, ఎందుకు వచ్చితినో తల్లి, అన్న వినుచుండగా మొదటినుండి చివరివరకు చెప్పెను. అటుతరువాత ఇంటివారు చేసినది మన పెద్దలు తరచుగా మరచు సంగతి: వారు ఆ చిన్నదానిని పిలిచి, వెళ్లెదవా అని ఆమెనే అడిగిరి. ఆమె ఒప్పుకొనెను. ఆమెను పెంచిన దాదిని కూడ తోడు పంపిరి. తెలియని దేశమునకు పోవు ఆడపిల్లకు తన మనిషి ఒకతె ప్రక్కన ఉండవలెనని ఆ ఇంటివారు తలంచిరి.

మిషనరీల చరిత్రలోను ఒక సంగతి కలదు. 1805వ సంవత్సరమున లండను మిషను సొసైటీవారైన క్రాన్, డేగ్రాంజెస్ అను ఇద్దరు సేవకులు మన విశాఖపట్టణములో దిగి, లేఖనములను తెలుగులోనికి త్రిప్పుటకు పూనుకొనిరి. అదే సంవత్సరమున హెన్రీ మార్టిన్ అను యౌవనుడు ఇంగ్లాండులో ఓడ యెక్కెను. ఆయన ప్రేమించిన లిడియా గ్రెన్‌ఫెల్ అను స్త్రీ ఆ దేశముననే ఉండిపోయెను. 1806లో కలకత్తా చేరినతరువాత ఆయన ఆమెకు ఉత్తరము వ్రాసి, వచ్చి తన భార్యగా ఉండుమని అడిగెను. జవాబు చేరుటకు ఏడాదికి పైగా పట్టెను. 1807లో వచ్చిన ఆ జవాబు, రాలేనని. ఆమె తల్లికి సమ్మతి లేదు. ఆయన మిక్కిలి దుఃఖించెను. అయినను తరువాత కాలమున వారు మరల ఒకరికొకరు ఉత్తరములు వ్రాసికొనిరి. హిందుస్థానీ భాషలోనికి క్రొత్త నిబంధనను తర్జుమా చేసిన ఆ సేవకుడు 1812లో తుర్కీదేశపు తోకాతు పట్టణమున, ఇంటికి పోవు త్రోవలో మరణించెను. వారిద్దరికి పెండ్లి కాలేదు. మన లెక్కకు ఓడిపోయిన ప్రేమ. అయినను ఏడు సముద్రముల ఆవలనుండి ఆమె ఆయనకు రాలేనన్నదేగాని, వచ్చెదనని ఊరించలేదు. దూరమున ఉన్నవారు ఒకరికొకరు ఇయ్యగలిగిన గొప్ప మర్యాద అదియే.

ఇక మన కాలములో, మన గుమ్మమునొద్దనే జరిగిన సంగతికి వత్తము. 2024 మే నెలలో విశాఖపట్టణము పోలీసులు బయటపెట్టిన వర్తమానమును మీలో అనేకులు పత్రికలలో చదివియుందురు. డేటా ఎంట్రీ ఉద్యోగము, విదేశము, మంచి జీతము అని చెప్పి ఏజెంట్లు ఒక్కొక్కరియొద్ద లక్షన్నర రూపాయల మేరకు పుచ్చుకొని, మన ప్రాంతపు యౌవనులను కాంబోడియా దేశమునకు పంపిరి. ఈ ప్రాంతమువారే సుమారు 150 మంది అక్కడ చిక్కుకొనిరని పోలీసులు అప్పుడు తెలిపిరి. ఏజెంట్లలో మన గాజువాక మనిషియు ఉండెను. అక్కడ వారిని చీనావారు నడుపు ముఠాల చేతికి అప్పగించి, సైబరు మోసములు చేయించిరి. ఆ మోసములలో ఒకటి ఇది: అందమైన స్త్రీ ఫోటో పెట్టి, స్త్రీ పేరుతో ఖాతా తెరచి, ఒంటరియైన పురుషులతో ప్రేమమాటలు నడిపి వారి సొమ్ము లాగుట. చేయననినవారిని చీకటి గదులలో ఉంచి, అన్నము పెట్టక బాధించిరని తిరిగివచ్చినవారు చెప్పిరి. మే 20వ తేదీన సిహానూక్‌విల్ నగరములో అట్టి భారతీయులు సుమారు 300 మంది తిరుగబడిరి. ఆ నెల ముగియకముందే మొదటి గుంపు విశాఖపట్టణము చేరెను.

ఇక్కడ కొంచెము ఆగుదము. అర్ధరాత్రివేళ ఒక పల్లెలో ఒంటరి యౌవనుడు ఫోను చూచుకొని సంతోషించుచున్నాడనుకొనుడి. తనను ప్రేమించు ఒక చక్కని పిల్ల ఉన్నదని వాని నమ్మకము. ఆవలి కొనను ఆ మాటలు వ్రాయుచున్నది ఎవరు? తాళము వేసిన గదిలో కూర్చున్న ఇంకొక పల్లె పిల్లవాడు. ఈ రాత్రి ఇన్ని మాటలు వ్రాయనియెడల రేపు వానికి కూడు లేదు. ఇటు మోసపోవువాడు మనవాడే, అటు మోసపుచ్చువాడు మనవాడే. యోసేపును ఇరువది తులముల వెండికి అమ్మినవారు పరాయివారు కారు. గోతిలోనుండి తమ్ముడు మొరపెట్టుచుండగా ప్రక్కనే కూర్చుండి భోజనము చేసిన అన్నలే. ఈ మోసమును కేవలము పిల్లల కామోద్రేకమని కొట్టివేయువారు, పనిలేక అప్పుచేసి ఏజెంటుకు సొమ్ము కట్టిన ఆ రెండవ పిల్లవానిని కూడ లెక్కలోనికి తీసికొనవలెను. విదేశమునకు పోవు పిల్లవాడు మీ సంఘములో ఉన్నయెడల, ఆ ఏజెంటు ప్రభుత్వమువారి ఈ-మైగ్రేట్ పట్టీలో ఉన్నాడో లేడో విచారింపక ప్రయాణ ప్రార్థన చేసి పంపివేయకుడి.

సమ్సోను కథ మీకు తెలియును. దెలీలా కోరినది బంగారము కాదు, రహస్యము. దానికి వెల ఆమెకు వేరొకరు ఇచ్చెదమనిరి. ఫిలిష్తీయుల సర్దారులు ఒక్కొక్కరు పదునొకండు వందల వెండి నాణెములు. మూడుసార్లు అతడు ఆమెకు కల్ల చెప్పెను, మూడుసార్లును ఆమె అతని శత్రువులను పిలిచెను. అయినను లేచిపోలేదు. ప్రేమించినయెడల నాకు దాచుదువా అని ప్రతిదినము ఆమె విసిగింపగా నాలుగవమారు చెప్పివేసెను. 2019 డిసెంబరు 20వ తేదీన ఆంధ్రప్రదేశ్ పోలీసులు కేంద్ర నిఘా సంస్థలతో కలిసి ఏడుగురు నావికాదళ ఉద్యోగులను, ఒక హవాలా మనిషిని అరెస్టుచేసిరి. ఫేస్‌బుక్కులో స్త్రీల పేర్లతో పరిచయమైన శత్రుదేశపు గూఢచారులకు ఓడల సంగతులు తెలిపిరని వారిమీద మోపబడిన నేరము. ఆ కార్యమునకు డాల్ఫిన్స్ నోస్ అని పేరు పెట్టిరి. మన రేవున దీపస్తంభమును మోయుచున్న కొండ పేరే అది. ఆ నెల ముగియకముందే నావికాదళము తన స్థావరములలోను ఓడలమీదను స్మార్టుఫోనులను, ఫేస్‌బుక్కును నిషేధించెను. తుపాకి పట్టుటకు శిక్షణ పొందినవారికే ఇట్టి శోధన వచ్చినప్పుడు, పదునెనిమిదేండ్ల పల్లెపిల్ల మోసపోయినందుకు ఎందుకంత ఆశ్చర్యపడుచున్నాము? అమెరికాలో 2022 ఒక్క సంవత్సరములో ఇట్టి ప్రేమమోసములవలన దాదాపు 70,000 మంది 130 కోట్ల డాలర్లు పోగొట్టుకొనిరని ఆ దేశపు ప్రభుత్వ సంస్థకు ఫిర్యాదులు వచ్చెను. వారందరు అవివేకులా? ఒంటరివారు, అంతే.

వీడియోలో ముఖము చూచితిమి గదా అని కొందరు పిల్లలు అందురు. 2024లో హాంకాంగు నగరమున ఒక కంపెనీ ఉద్యోగి వీడియోలో తన పై అధికారుల ముఖములను చూచి, స్వరములు విని, నమ్మి, 20 కోట్ల హాంకాంగు డాలర్లు పంపివేసెను. ఆ ముఖములు కంప్యూటరు కల్పించినవి. గిబియోనీయులు ఇశ్రాయేలీయులయొద్దకు వచ్చినప్పుడు కూడ సాక్ష్యములు చూపించిరి గదా. బూజుపట్టిన రొట్టె, అతుకులువేసిన తిత్తులు, అరిగిన చెప్పులు. దూరదేశమునుండి వచ్చితిమనిరి. పెద్దలు ఆ రొట్టెను చేతపట్టి చూచిరి. దేవునియొద్ద విచారణ చేయలేదు. మూడు దినములైన పిమ్మట ఆ దూరదేశస్థులు ప్రక్క ఊరివారని తెలిసెను. ఆ మూడు దినములు ఆగియుండినయెడల సంగతి దానంతట అదే బయటపడియుండును. తొందరపెట్టువాని రొట్టెను నమ్మకుడి.

అయితే పెద్దలు ఇది విని, చూచితిరా, మేము చూచి తెచ్చు సంబంధమే క్షేమమని సంతోషింపకుందురు గాక. లాబాను యాకోబును మోసగించినది ఊరివారందరిని పిలిచి విందు చేసిన రాత్రియే. అతని కింద ఏడేండ్లు కొలువు చేసిన అల్లునికే ఆ గతి పట్టెను. మన గాజువాకలో వరుడు ప్లాంటులో పర్మనెంటు అని పేరయ్య చెప్పిన సంబంధములు, మూడవ నెల జీతము రానప్పుడు కాంట్రాక్టు పని అని తేలినవి ఎన్ని లేవు! వ్యాధిని దాచినవారు, అప్పును దాచినవారు, త్రాగుడును దాచినవారు అందరు పెండ్లిచూపులలో ముఖాముఖిగా కూర్చున్నవారే. తెర లేకున్నంతమాత్రమున సత్యముండదు. పాత త్రోవలో నడిచినవాడు క్రొత్త త్రోవవానిమీద రాయి వేయునప్పుడు తన చేయి చూచుకొనవలెను.

ఈ విషయములో మాకు ఎక్కువ వెలుగు దొరికినది రూతు గ్రంథములో. బోయజు పొలములో ఆమెను మొదట చూచినప్పుడే, ఈ చిన్నది ఎవరిదని పనివారిమీదనున్న వానిని అడిగెను. విచారించుట అవమానము కాదని అతనికి తెలియును. తరువాత జరిగినది మన పెద్దలు ఆదివారపు బడిలో చదువుటకు సిగ్గుపడు సంగతి. రాత్రివేళ, కళ్లములో, ఎవరికి తెలియకుండ రూతు వచ్చి అతని కాళ్లయొద్ద పండుకొనెను. ఇంతకంటె చాటైన ఆరంభము ఏ వాట్సాపు పరిచయమునకు ఉండును? ఇప్పుడు బోయజు ఏమి చేసెనో చూడుడి. ఆ చీకటిని అతడు వాడుకొనలేదు. ఆమె కోరికను తక్కువగా ఎంచలేదు. తనకంటె దగ్గర బంధువు ఒకడున్నాడన్న అడ్డంకిని ఆ చీకటిలోనే ఆమెకు దాచక చెప్పెను. ఈ దినముననే సంగతి తేల్చువరకు ఆ మనుష్యుడు ఊరకుండడని నయోమి కోడలితో పలికెను. అట్లే అతడు ఊరి గుమ్మమునొద్దకు వెళ్లి, పదిమంది పెద్దలను కూర్చుండబెట్టి, అందరు వినుచుండగా మాటలాడెను. రాత్రి కళ్లములో మొదలైనది పగలు గుమ్మమునొద్దకు చేరెను.

యౌవనులారా, మీ ఫోనులోని మనిషినిగూర్చి మేము మిమ్మును అడుగునది ఇదే. మీరు ఎక్కడ కలిసికొంటిరని అడుగము. అతడు గుమ్మమునొద్దకు వచ్చునా? తన తల్లితో మిమ్మును మాటలాడనిచ్చునా? తన ఊరు, తన పని, తన సంఘము పేరు చెప్పి, వెళ్లి విచారించుకొమ్మనునా? లేక, ఇది మన ఇద్దరి మధ్యనే ఉండనిమ్ము, ఎవరికి చెప్పినను మనలను విడదీయుదురు అనునా? ఆ మాట ఒకటి రెండుసార్లు భయమువలన వచ్చియుండవచ్చును. నెలలు గడచినను అదే మాట వచ్చుచున్నయెడల ఆ మనిషికి వెలుగు అక్కరలేదు. గడప చూపకముందే సొమ్ము అడిగినవాడు, ఆసుపత్రి అని, టికెట్టు అని, కస్టమ్సులో బహుమానము ఆగినదని చెప్పినవాడు, మీకు తగినవాడు కాడు. బట్టలు లేని ఫోటో పంపుమని అడిగినవాడును అంతే, ఎన్ని ప్రమాణములు చేసినను. అతడు పెండ్లికొడుకు కాడు. మీ మెడకు వేయుటకు త్రాడు అడుగుచున్నాడు.

వెలుగులోనికి వచ్చిన ప్రేమ కూడ మనమెరుగుదుము. ఒక అమెరికా స్త్రీ ఇన్‌స్టాగ్రాములో మన ఆంధ్రప్రదేశ్ పల్లె యౌవనుని విశ్వాసమునుచూచి తానే మొదట పలుకరించి, కొన్ని నెలలు వీడియోలో మాటలాడి, తల్లి సమ్మతితో విమానమెక్కి వచ్చి అతనిని కలిసికొనిన సంగతి 2025లో పత్రికలన్నిటిలో పడినది. ఆమె అతనికంటె పెద్దది. లోకులు నవ్విరి. నవ్వినవారి మాట అటుంచి, ఆమె చేసిన మూడు పనులను చూడుడి: తల్లికి చెప్పెను, నెలలు ఆగెను, తానే వచ్చి చూచెను. రిబ్కా ఇంటివారు చేసినది ఇంతకంటె వేరేమి?

మన దేవుని మార్గమును చూచినను ఇట్లే ఉన్నది. పూర్వకాలమందు ఆయన ప్రవక్తల నోట అనేక విధములుగా వర్తమానము పంపెను. అది సత్యమైన వర్తమానమే. అయినను ఆయన ప్రేమకు అది చాలలేదు. వాక్యము శరీరధారియై బేత్లెహేములో పశువుల తొట్టిలో పరుండెను. ఆయనకు ఊరు ఉండెను, వడ్లవాడను పేరు ఉండెను, తల్లి ఎవరో నజరేతులో అందరికి తెలియును. అలసి బావియొద్ద కూర్చుండెను. తోమా అనుమానించినప్పుడు, మాట నమ్ముమని గద్దింపకముందు తన చేతులను చూపెను. నిజమైన ప్రేమకు విచారణయనిన భయములేదు. మన సంఘములలో వివాహమునకు ముందు పెండ్లి ప్రకటన చదువుట పాత ఆచారమని కొందరు విసుగుదురు. అభ్యంతరమున్నవారు చెప్పవచ్చునని సభ యెదుట పిలుచుట బోయజు కూర్చున్న గుమ్మమే. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము కూడ పెండ్లికి ముందు నోటీసు కోరుచున్నది. ఫోనులో మొదలైన సంబంధమునకు ఆ ప్రకటన మరింత అవసరము. కాగా దానిని తూతూమంత్రముగా గొణుగక, ఇరువైపుల ఊళ్లలోను, ఇరువైపుల సంఘములలోను గట్టిగా చదువుట మేలు.

ఇప్పుడు తలిదండ్రులతో ఒక మాట. పిల్లలు చాటున ప్రేమించుచున్నారని మనము దుఃఖించుచున్నాము. చాటు వారికెందుకు కావలసి వచ్చెనో అడిగితిమా? ప్రభువు బల్లయొద్ద అందరము ఒక్క రొట్టెలో పాలుపుచ్చుకొందుము. సంబంధమునకు వచ్చునప్పటికి ఏ పేటవారు, ఏ పాలెమువారు అని నెమ్మదిగా అడుగుదుము. బాప్తిస్మములో కడిగివేయబడినదని పాడినదానిని శుభలేఖ అచ్చువేయునప్పుడు వెదకి పైకి తీయుదుము. పిల్లలు దానిని చూచుచున్నారు. తాము ప్రేమించినవాడు విశ్వాసియైనను, పనిమంతుడైనను, ఆ ఒక్క ప్రశ్నయొద్ద తలుపు మూయబడునని వారికి ముందే తెలియును. కాబట్టి చెప్పరు. చెప్పని పిల్లయే మోసగానికి సులువైన వేట. మనము మూసిన తలుపుచాటునే వాడు నిలిచియున్నాడు.

ఇద్దరు బిడ్డలతో విధవరాలైన సహోదరిని కూడ తలంచుడి. ఆమెకు మనము కన్నీరు ఇచ్చితిమి, క్రిస్మసుకు చీర ఇచ్చితిమి. ఆమె మరల పెండ్లిమాట ఎత్తినప్పుడు మాత్రము పెదవి విరిచితిమి. పౌలు అట్టివారికి ప్రభువునందు పెండ్లిచేసికొనుటకు స్వేచ్ఛ ఉన్నదని కొరింథీయులకు వ్రాసెను. మన సంఘములో ఆ స్వేచ్ఛను ఎవరు ఆమెకు నోట చెప్పిరి? ఆమె ఫోనులో ఒక ఓడ పనివానితో మాటలాడుచున్నయెడల, అతడు మంచివాడే కావచ్చును. విచారించి చెప్పుటకు ఆమెకు అన్నదమ్ములు కావలెను, తీర్పరులు అక్కరలేదు.

చివరగా, మోసపోయినవారినిగూర్చి. దావీదు ఇంటిలో తామారుకు కీడు జరిగినప్పుడు, అన్నయైన అబ్షాలోము ఆమెను ఊరకుండుమనెను. తండ్రికి మిక్కిలి కోపము వచ్చెను గాని, ఏమియు చేయలేదు. ఆమె ఆ ఇంటిలో పాడైనదానివలె ఉండిపోయెను. ఆ ఊరకుండుమన్న మాట మన పల్లెలలో ఇంకను వినబడుచున్నది. పరువు పోవునని పిల్ల నోరు మూయుదుము. ఆ మౌనమునే ఆయుధముగా చేసికొని, ఫోటోలు బయటపెట్టెదనని వాడు మరల మరల సొమ్ము గుంజును. కొందరు పిల్లలు ఆ భారము మోయలేక ప్రాణము తీసికొనుటకు తలపడుదురు. అట్టి తలంపు కలిగిన బిడ్డ ఇంటిలో ఉన్నయెడల ఒంటరిగా విడువకుడి. 14416 అను టెలిమానస్ నంబరునకు ఏ గంటనైనను ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడుదురు, సొమ్ము అడుగరు.

డబ్బు పోయినయెడల ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయుడి. ఎంత త్వరగా చేసినయెడల ఆ సొమ్ము ఆవలి బ్యాంకు ఖాతాలో ఆగుటకు అంత అవకాశము కలదు. మారుపేరుతో వేషము వేసి ఫోనుద్వారా మోసగించుట, ఒప్పుదల లేక ఒకరి రహస్య చిత్రములను పంచుట సమాచార సాంకేతిక చట్టము క్రింద నేరములు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో, నెరవేర్చు ఉద్దేశము లేకయే పెండ్లిచేసికొందునని చెప్పి స్త్రీని లోబరచుకొనినవానికి పదేండ్లవరకు శిక్ష కలదు. నేరము ఎక్కడ జరిగినను ఏ పోలీసు ఠాణాలోనైనను ఫిర్యాదు వ్రాసికొనవలెను. మా పరిధి కాదని త్రిప్పిపంపుటకు వీలులేదు. ఆ ఫోనులోని మాటలను, ఫోటోలను సిగ్గుచేత చెరిపివేయవద్దు. అవే సాక్ష్యము.

ఆ బిడ్డ ఠాణాకు ఒంటరిగా వెళ్లకూడదు. ఆడపిల్లయైనయెడల స్త్రీల సమాజములోని ఒక పెద్దతల్లి, మగపిల్లవాడైనయెడల సంఘపెద్ద ఒకరు తోడు వెళ్లవలెను. రిబ్కాతో వెళ్లిన దాదివలె. ఆటోలో కూర్చున్నప్పుడు, నీకింత బుద్ధి ఎక్కడ పోయినది అని అడుగవద్దు. ఆ బిడ్డ ఉదయమునుండి ఏమైన తినెనో లేదో అది అడుగుడి, దారిలో టీ అంగడి కనబడినచోట ఆటో ఆపించుడి.